నీళ్ళు కొట్టిన కంప్యూటర్

నేను బతికేదే బండల మీద నీళ్ళు కొట్టి. బేతంచెర్లలో మా నాయనకూ నాకూ కలిపి ఒక చిన్న పాలిషింగ్ యూనిట్ ఉంది. గనుల నుంచి వచ్చిన నాపబండలను కోసి, అరగదీసి, నునుపు చేసి, ఇళ్ళు కట్టుకునేవాళ్ళకు అమ్ముతాం. గిరాకీ రాగానే నేను చేసే మొదటి పని పైపు అందుకుని బండ మీద నీళ్ళు కొట్టడం. అంతవరకూ బూడిద పూసుకున్న సన్యాసిలా పడి ఉన్న బండ, తడి తగలగానే నల్లగా నిగనిగలాడుతూ పెళ్ళికొడుకైపోతుంది. ఆ తడి ఆరేలోగా బేరం తెగాలి. ఆరితే మళ్ళీ సన్యాసే. సంగతి తెలిసిన గిరాకీ మాత్రం, "నీళ్ళు కొట్టొద్దప్పా, పొడిగా చూపియ్యి" అంటాడు. అలాంటివాడికి కుర్చీ వేస్తాం, టీ తెప్పిస్తాం, లోపల్లోపల తిట్టుకుంటాం.

ఇందులో మోసమేమీ లేదని నా వాదన. నేను ఎవరి కళ్ళలోనూ దుమ్ము కొట్టలేదు, నీళ్ళు మాత్రమే కొట్టాను. దుమ్మంతా మా కళ్ళలోనే పడుతుంది.

అలాంటి నేను, మీసం వచ్చినప్పటి నుంచీ ఆ పైపు పట్టుకుని నిలబడినవాణ్ణి, నా మొదటి కంప్యూటర్ కొనడానికి పోయి నాలుగు రంగు బల్బులు చూసి నోరు తెరిచాను. ఇంతకంటే తెలివితక్కువ పని మా యూనిట్లో ఏ బండా చేయలేదు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు కూడా లేదు, ఎందుకంటే నాకంటే ముందే మా బావ అందరికీ చెప్పేశాడు.

కంప్యూటర్ ఎందుకంటే, మాట కోసం. నవ్వకండి. మా యూనిట్లో పొద్దున కోత మిషను మొదలైతే సాయంత్రం దాకా ఒకటే మోత. ఆ మోతలో మాట్లాడాలంటే అరవాలి, అరిచాక చేతులు ఊపాలి, ఊపాక కూడా అవతలివాడు "ఆఁ?" అంటాడు. నా గొంతు ఎలా ఉంటుందో నాకే ఆదివారం గానీ తెలిసేది కాదు. అలాంటివాణ్ణి ఫోనులో తుపాకుల ఆట ఆడడం మొదలుపెట్టాను. ఆటలో నేను మహా అయితే మొదటి చావు నాది కాకుండా చూసుకునే రకం. కానీ ఆడుతూ మాట్లాడేవాణ్ణి. "యాడికి పోతాండావురా, ఆ గోడెనకాల నక్కినాడు సూడు, మనిషి కాదు రాయి అనుకున్నావా" అని నా ధోరణిలో నేను. నాతో ఆడేవాళ్ళు ఆట ఆపి నవ్వేవాళ్ళు. "నువ్వు ఆడకపోయినా పర్వాల్యాదప్పా, మాట్లాడుతా ఉండు" అనేవాళ్ళు. మా యాసలో ఆట ఆడుతూ లైవ్ పెట్టేవాడు నాకెక్కడా కనపడలేదు. లోకమంతా వినేలా నేను పెడదామనుకున్నాను. దానికి ఫోను చాలదు. ఆటనూ, ఆటను లోకానికి పంపే పనినీ ఒకేసారి లాగే కంప్యూటర్ కావాలి. రెడీమేడ్‌ది కాదు. ఒక్కొక్క భాగమూ మనం ఏరుకుని కట్టించుకునేది.

ఏరుకోవడమంటే మాటలా! వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ప్రాసెసర్ మెదడు అన్నాడొకడు. కాదు గుండె అన్నాడింకొకడు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఆటే లేదన్నాడు మూడోవాడు. పవర్ సప్లై చౌకది పెడితే మిగిలినవన్నీ కాలి బూడిదవుతాయని బెదిరించాడు నాలుగోవాడు. అందరూ ఒప్పుకున్నది ఒక్క విషయమే: ఆటా లైవూ కలిపి నడవాలంటే ర్యాము దండిగా ఉండాలి. ర్యామంటే పని జరుగుతున్నంతసేపూ కంప్యూటర్ గుర్తుపెట్టుకునే జ్ఞాపకం. అది చాలకపోతే చేస్తున్న పని నడిమధ్యలో మరిచిపోయి నిలబడిపోతుంది, అంగడికి పోయి ఏం తెమ్మన్నారో మరిచిపోయినవాడిలా.

ఇంట్లో కూడా ఇదే ధ్యాస. ఒకరోజు అన్నం తింటూ, "గాజు తలుపుండే కేసు తీసుకుందామనుకుంటాండా" అన్నాను. మా అమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది.

"కేసా? ఎవురి మీదరా? మన వంశంలో కోర్టు మెట్లెక్కినోళ్ళు లేరు!"

"ఆ కేసు కాదమ్మా. కంప్యూటర్ పెట్టె. లోపల మదర్‌బోర్డు ఉంటాది."

"తల్లిని లోపలేసి గాజు తలుపు బిగిస్తావా?" అన్నాడు మా నాయన, తల ఎత్తకుండా. మా ఇంట్లో నాకొక్కడికే హాస్యం వచ్చని ఎవరూ అనుకోకూడదు.

మా అక్క భర్తకు కర్నూల్లో కంప్యూటర్ల షాపుంది. అల్లుడి షాపుండగా ఇంకో షాపులో మౌసు కొన్నా మా ఇళ్ళల్లో అది తగాదా కిందే లెక్క. కాబట్టి ఎక్కడ కొనాలన్న ప్రశ్నే రాలేదు. పొద్దున బస్సెక్కి కర్నూలు పోయి, అక్క చేతి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, కడుపు నిండిన ధైర్యంతో బావ షాపు మెట్లెక్కాను.

బావది ఆదోని పక్క. మాటలో కన్నడం చిలకరించినట్టుంటుంది. మనిషి సరదా మనిషి. ఆ సరదా ఎప్పుడూ ఇంకొకడి ఖర్చుతో నడుస్తుంది.

"ఏమప్పా బామ్మర్దీ, బండలాట చాలించి బొమ్మలాటకొచ్చినావా?"

షాపులో ఇంకో ముగ్గురు గిరాకీలున్నారు. నేను నవ్వి, బల్లమీద వరసగా పెట్టిన కేసుల దగ్గరికి పోయాను. పోయి ఏం చేశానంటే, అలవాటు ప్రకారం వేలి కణుపుతో తట్టి చెవి ఆనించాను. మంచి బండ కంచులా మోగుతుంది. లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది.

"ఏం చేస్తాండావురా?"

"శబ్దం చూస్తాండా బావా."

"అది బండ కాదప్పా, పాడదు!"

ముగ్గురు గిరాకీలూ నవ్వారు. ఆ తర్వాత పవర్ సప్లైలు రెండు చేతుల్లో రెండు పట్టుకుని తూచి, బరువైనది పక్కన పెట్టాను. ప్రాసెసర్ చూపించమంటే అగ్గిపెట్టెంత డబ్బా తీసి లోపల బిస్కెట్టు ముక్కలాంటిది చూపించాడు. "ఇంతేనా?" అన్నాను, అడుగు మందం బండ అడిగితే పలక ముక్క ఇచ్చినట్టు. "ఇంత దుడ్లకు ఇంతేనప్పా. నీకేమన్నా లారీలో తెప్పీయాల్నా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల వల్లే అనుకుంటాను, ఆ తర్వాత నేను తట్టడం, తూచడం, అడగడం అన్నీ మానేశాను. తెలిసిన పరీక్షలు పనికిరావని తేలాక, తెలియని పరీక్షలు పెట్టే ముఖం లేదు.

బావ ఏరినవన్నీ పెట్టెలో బిగించేశాక ఒక్క మాట మాత్రం పట్టుబట్టి అడిగాను. "ర్యాము దండిగుండాల బావా. లైవ్ చేయాల."

బావ లేచి వెళ్ళి షాపు ట్యూబులైట్లు ఆర్పాడు. షట్టరు సగం దించాడు. నా కోసం బిగించిన పెట్టె గాజు తలుపు నా వైపు తిప్పి స్విచ్చి వేశాడు.

ఏం చెప్పాలి. లోపల నాలుగు ర్యాములు వరసగా నిలబడి వెలిగాయి. ఎరుపు పచ్చలోకి, పచ్చ నీలంలోకి, ఒకదాన్నుంచి ఒకదానికి నీళ్ళలా పారుతున్నాయి. తుంగభద్ర కాలువకు నీళ్ళొదిలిన రోజు గట్టు మీద నిలబడి చూసినవాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో నా ముఖం అలా ఉండి ఉంటుంది.

"సూడు. నాలుగు స్లాట్లూ నిండినాయి. ఇంగొకటి పెట్టాలన్నా చోటు ల్యాదు."

అక్కడ నేను అడగాల్సిన మాట ఒక్కటే. బావా, లోపలి లైట్లు ఆర్పి చూపియ్యి. పొడిగా చూపియ్యి అని, సంగతి తెలిసిన గిరాకీలు నన్నడిగే మాటే. విన్న ప్రతిసారీ నేను లోపల్లోపల తిట్టుకున్న మాట. అది నా నోట్లోకి రాలేదు. వచ్చిన మాట ఇది:

"ఊదా రంగు కూడా వస్తాదా బావా?"

"వస్తాది" అన్నాడు బావ, దయగా.

*

మొదటి లైవ్ ఒక ఆదివారం సాయంత్రం పెట్టాను. యూనిట్ మూసి ఉంది, ఊరు నిశ్శబ్దంగా ఉంది, నా గొంతు నాకు వినపడుతోంది. చుట్టాల గ్రూపులో ముందే చెప్పాను కాబట్టి అత్తలు, మామలు, చిన్నాయనలు, అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. తుపాకుల ఆట ఎన్నడూ చూడనివాళ్ళు కూడా పెళ్ళి వీడియో చూడడానికి కూర్చున్నట్టు కూర్చున్నారు.

"నమస్కారమప్పా అందరికీ. ఈడ మన బేతంచెర్ల..." అన్నాను.

అంతే. వాళ్ళకు వినపడింది అంతే. ఆట మొదలయ్యేసరికి నా బొమ్మ ఆగిపోయింది. "చెర్ల" అనడానికి నోరు తెరిచి, ఏ కారణం చేతనో ఒక కన్ను మూసి ఉన్నప్పుడు ఆగిపోయింది. నాకా సంగతి తెలియదు. నేను ఉత్సాహంగా మాట్లాడుతూనే ఉన్నాను. బాగా మాట్లాడానని కూడా నా నమ్మకం. జోకులు వేశాను. ఒకడు గడ్డివాము వెనక దాక్కుంటే వాడి మీద ఒక చిన్న కథ చెప్పాను. కింద చాట్‌లోకి చూస్తే, "అన్నా, బొమ్మ ఆగింది", "అన్నా, ఇనపల్యా", "ఏమైందిరా నీ మూతికి" అని ఉంది. చివరిది మా మేనత్త.

బావకు ఫోన్ చేశాను. "బావా, కంప్యూటర్ నిలబడిపోయింది."

"లైట్లు ఏసుకున్నావా?"

"ల్యాదు."

"ఏసుకో. బాగుంటాది."

వేసుకున్నాను. నిజంగానే బాగుంది. నిలబడిపోయిన కంప్యూటర్ ఊదా రంగులో నిలబడిపోయింది.

మరుసటి రోజు చుట్టాల గ్రూపులో ఒక స్టిక్కరు ప్రత్యక్షమైంది. నోరు తెరిచి, ఒక కన్ను మూసిన నా ముఖం. చుట్టూ చక్కగా కత్తిరించి, కింద "బండ" అని రాసి. చేసినది బావే. పేరు పెట్టినవాడికి మరదలి పెళ్ళి జరిపించినంత సంతోషం. ఆ రోజు నుంచి ఆ గ్రూపులో ఏం జరిగినా నా ముఖమే. ఎవరైనా అన్నానికి పిలిస్తే నా ముఖం. పెట్రోలు ధర పెరిగితే నా ముఖం. మా పెద్దత్తకు కంటి ఆపరేషన్ బాగా జరిగిందని రాస్తే, అందరికంటే ముందు ఒక కన్ను మూసుకుని నేను. అద్దాలు లేకుండా చూసిన మా అమ్మ దాన్ని తన భజన గ్రూపులోకి కూడా పంపి, "నీ ఫోటో బాగుండాదిరా, ఎవురు తీసినారు?" అంది.

లోకం నా మాట వినాలని కొనుక్కున్న యంత్రం నన్ను నోరు తెరిచిన మూగబొమ్మను చేసి కూర్చోబెట్టింది. ఇది నేను క్షమించలేదు. కంప్యూటర్ ఆగినందుకు క్షమించేవాణ్ణేమో. స్టిక్కరును కాదు.

ఆ తర్వాత ఇంకా రెండు మూడు సార్లు లైవ్ పెట్టి చూశాను. ప్రతిసారీ అంతే. ఫోన్ చేసిన ప్రతిసారీ బావ కొత్త కారణం చెప్పేవాడు. మీ ఊరి నెట్ మంచిది కాదన్నాడు. కరెంటు మంచిది కాదన్నాడు. బండల దుమ్మన్నాడు. చివరికి, "నీ మొగం బరువప్పా, నెట్ మోయల్యాకపోతాంది" అన్నాడు. అమ్మ దగ్గర మొర పెట్టుకుంటే, "అల్లునితో ర్యాము గీము అని తగువేసుకుంటావా? మీ అక్కను సూడు" అంది. మా ఇళ్ళల్లో అల్లుడు తప్పు చేయడు. చేసింది తప్పయితే చేసినవాడు అల్లుడు కాదు.

మా సీమ పగల గురించి లోకం ఏవేవో ఊహించుకుంటుంది. నాకు తెలిసిన పగ చాలా ఇంటి రకం. రోజూ బండ మీద నీళ్ళు కొడుతూ, ప్రతి బండలోనూ బావ ముఖం చూస్తూ, దాన్ని గరుకు రాయి నుంచి నున్న రాయి దాకా వరసగా అన్ని రాళ్ళతోనూ పాలిష్ పట్టడం. అలా నా పగ రోజురోజుకూ నునుపు తేలింది.

*

దుమ్ము మాట మాత్రం నిజమేనేమో అనిపించి, ఒక ఆదివారం పెట్టె విప్పాను. మిషన్ల దుమ్ము కొట్టే గాలి పైపు తెచ్చి లోపలంతా ఊదాను. ర్యాములు కూడా తుడుద్దామని, చేతికి అందిన మూడు పీకి పేపరు మీద పెట్టాను. నాలుగోది ఫ్యాను కింద ఇరుక్కుని అందలేదు. ఇంతలో అమ్మ అన్నానికి పిలిచింది. తిని వచ్చి, ఆ మూడింటి సంగతి మరిచిపోయి స్విచ్చి వేశాను.

కంప్యూటర్ లేచింది. ఎప్పటిలాగే లేచింది. ఎప్పుడెంత నెమ్మదో అంతే నెమ్మదిగా, ఎప్పుడెక్కడ ఆగుతుందో అక్కడే ఆగింది. నేను పేపరు మీదికి చూశాను. మూడు ర్యాములూ అక్కడే పడుకుని ఉన్నాయి. నా ముఖం మళ్ళీ స్టిక్కరులా అయిపోయి ఉంటుంది, ఈసారి చూసేవాళ్ళు లేరు.

స్క్రూడ్రైవరుతో ఒకదాని పైరేకు లేపాను. లోపల నల్లటి చిప్పులు ఉండాలి. లేవు. బల్బులున్నాయి. రెండోది, మూడోది, అంతే. తర్వాత విచారిస్తే తెలిసింది, ఇలాంటివి మామూలుగానే అమ్ముతారట. ఖాళీ స్లాట్లు బోసిగా కనపడకుండా, అందం కోసం. జ్ఞాపకం ఒక్క చుక్క ఉండదు, వెలుగుతాయంతే. కంప్యూటర్లోనే ఒకచోట నొక్కి చూస్తే నాలుగింట్లో ఒక్కటే పనిచేస్తోందని మొదటి రోజు నుంచీ రాసి ఉంది. నేనెప్పుడూ నొక్కలేదు. రంగులు మార్చే బటను మాత్రం రోజూ నొక్కాను.

"బావా, మూడు ర్యాములు ఉత్తవి" అన్నాను ఫోన్లో.

"ఉత్తవెట్లయితాయప్పా? ఎలుగుతాండాయి గదా?"

"ఎలుగుతాండాయి. పని చేయడం ల్యాదు."

"ఎలగడమే వాటి పని."

"నాలుగు ర్యాములని చెప్పినావు గదా?"

"చెప్పినానా? నాలుగు స్లాట్లూ నిండినాయని చెప్పినా. బాగా గుర్తు తెచ్చుకో బామ్మర్దీ."

గుర్తు తెచ్చుకున్నాను. నిజమే. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. సూడు అన్నాడు, చూశాను. నేను గిరాకీలకు రోజూ చెప్పేదే నాకు చెప్పాడు. నా పైపుతో నా మీదే నీళ్ళు కొట్టాడు. అందుకే ఇంకా మండింది. ఒక దొంగ చేతిలో మోసపోతే ఊరంతా జాలిపడుతుంది. మన పని మనమీద చేసినవాడి గురించి ఎవరికి చెప్పుకుంటాం?

"సరే బావా, గుర్తుండాది" అన్నాను.

కంప్యూటర్‌కు జ్ఞాపకం తక్కువ. నాకు ఏ లోటూ లేదు.

కొన్నాళ్ళకు కడపకు బండల లోడు పోతుంటే లారీలో నేనూ ఎక్కాను. లోడు దించాక ఒక కంప్యూటర్ షాపు వెతుక్కుని, "లైట్లు లేని ర్యాములు ఉండాయా?" అని అడిగాను.

"ఉండాయన్నా, గానీ అందరూ లైట్లుండేవే అడుగుతారు."

"నాకు చీకట్లో కూడా గుర్తుండేది కావాల."

షాపాయన నన్ను జాలిగా చూసి, లోపలి నుంచి ర్యాములు తెచ్చాడు. నల్లటి పలకలు. మెరుపు లేదు, నిగ్గు లేదు, గని నుంచి అప్పుడే వచ్చిన బండలా ఉన్నాయి. పక్కనున్న కంప్యూటర్లో పెట్టి, తెర మీద జ్ఞాపకం ఎంతో చదివి చూపించేదాకా నేను కదల్లేదు. టీ తాగుతావా అన్నా అని అడిగాడు. లోపల్లోపల తిట్టుకుంటున్నాడని నాకు తెలుసు. గర్వంగా టీ తాగాను.

ఆ ఆదివారం లైవ్ ఆగలేదు. చూసినవాళ్ళు మా ఊరి షేర్ ఆటోలో పట్టేంతమంది. కానీ మాట ఆగలేదు. గోడెనకాల నక్కినవాణ్ణి తిట్టాను, గడ్డివాము కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ముగించబోతుంటే చాట్‌లో ఎవరో రాశారు: "అన్నా మాది కోసిగి. బెంగుళూరుకు బిల్డింగు పనికొచ్చినాము. రూములో అందరమూ ఇంటాండాము. మన మాట ఇని శానా దినాలాయె. ఆట ఆపినా పర్వాల్యా, మాట ఆపాకు."

కాసేపు నేనే ఆగిపోయాను. ఈసారి కంప్యూటర్ ఆగలేదు.

ఇక్కడితో ముగిస్తే నేను మంచివాణ్ణని మీరనుకుంటారు. ముగిద్దామనే అనుకున్నాను కూడా. కానీ ఆ లైవ్ బాగుందని అక్క గ్రూపులో రాయగానే, దాని కింద బావ ఏం పెట్టాడో చెప్పనక్కర్లేదు. నోరు తెరిచి, ఒక కన్ను మూసుకుని, కింద పేరుతో సహా నేనే.

*

ఎండలు ముదిరాక బావ బేతంచెర్ల వచ్చాడు. షాపు పక్కగది కూడా తీసుకున్నాడట. రెండూ కలిపి పెద్ద హాలు చేసి, వెలిగే కంప్యూటర్లన్నీ వరసగా పెడతాడట. నేలకు బండలు కావాలి.

"నల్లగుండాల బామ్మర్దీ. అద్దం మాదిరుండాల. పైన ఎలిగే లైట్లు కింద నేలలో పారాల."

నా గుండె ఒక్కసారి కంచులా మోగింది. పైపు అందుకున్నాను.

ఆ రోజు కొట్టినట్టు నీళ్ళు నేనెప్పుడూ కొట్టలేదు. బండ పైనుంచి కిందికి ఒక్క పొర జారింది. బూడిద కరిగి, నలుపు లేచి, ఎండ అందులో పడి మెరిసింది. బావ వంగి చూశాడు. బండలో బావ ముఖం కనపడింది. నోరు తెరిచి ఉంది.

"అబ్బా..." అన్నాడు.

నేను పైపు పట్టుకుని నిలబడ్డాను. దాచిందేమీ లేదు. అదే బండలు పక్కనే దొంతరగా, పొడిగా, బూడిద రంగులో పడి ఉన్నాయి. వేలు పెట్టి చూపించాను కూడా. "ఇవే బండలు బావా, సూడు" అన్నాను. బావ కన్ను తడి బండ మీంచి కదల్లేదు. ఒక్క మాట అడిగితే చాలు. పొడిగా ఎట్లుంటాది? అడిగితే చెప్పేవాణ్ణి, ఒట్టు.

"ఇంగా పెద్ద సైజు వస్తాదా?" అన్నాడు.

"వస్తాది" అన్నాను, దయగా.

అప్పుడొచ్చాడు మా నాయన, అల్లుడొచ్చాడని తెలిసి చేతులు తుడుచుకుంటూ. బండనూ, పైపునూ, అల్లుణ్ణీ చూశాడు. ఆయన నిజాయితీ గల మనిషి. ముఖ్యంగా అల్లుళ్ళ విషయంలో. "అల్లుడూ, ఇది ఆరినాక రంగు..." అని మొదలుపెట్టాడు.

నేను చేయి చాచి కోత మిషను స్విచ్చి వేశాను.

పుట్టినప్పటి నుంచీ నేను అసహ్యించుకున్న ఆ మోత ఆ రోజు మంగళవాద్యంలా వినపడింది. నాయన పెదవులు ఆడుతున్నాయి, చేతులు ఊగుతున్నాయి. "ఆఁ?" అన్నాడు బావ. నాయన ఇంకా పెద్దగా అరిచాడు. బావ నవ్వుతూ తల ఊపి, "సరే మామా, సరే, అన్నం తినే పోతా!" అని అరిచాడు. నేను మాత్రం నోరు తెరవలేదు. ఒక్కసారి తెరిచినందుకే చాలా అనుభవించాను.

బండలు మాత్రం మేలైనవే ఇచ్చాను. మందం సమంగా, పగులు లేకుండా, ప్రతిదాన్నీ తట్టి, విని, లాభం చూసుకోకుండా వేశాను. అక్క ఇల్లు నడిచేది ఆ షాపు మీదే కదా. నా కక్ష రంగుతోనే గానీ రాయితో కాదు.

షాపు తెరిచిన రోజు పొద్దున నేల కడిగారు. ఆ తడి మీద లైట్లు పారాయని, వచ్చినవాళ్ళంతా నోళ్ళు తెరిచారని అక్క చెప్పింది. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది.

"బామ్మర్దీ! రంగు పోయినాదప్పా!"

"రంగు యాడికి పోతాది బావా? ఆరింది, అంతే."

"నువ్వు నల్లగుంటాదని చెప్పినావు గదా?"

"చెప్పినానా? సూడు అన్నా, సూసినావు. బాగా గుర్తు తెచ్చుకో."

అవతల బావ గుర్తు తెచ్చుకుంటున్నాడు.

"ఇప్పుడేం చేయాల మల్ల?"

"నీళ్ళు కొట్టుకో బావా. బాగుంటాది."

పోయిన వారం కర్నూల్లో పనేమీ లేకపోయినా పోయాను. అక్క ఇంట్లో ఉగ్గాని తిని, షాపులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బయట బండి ఆగిన చప్పుడు వినపడితే చాలు, బావ తడిగుడ్డ కర్ర అందుకుంటున్నాడు. గుమ్మం నుంచి బల్ల దాకా పరుగున తుడుచుకుంటూ వస్తున్నాడు. నేల నల్లబడి, లైట్లు పారే సమయానికి, గిరాకీ పాపం తడి నేల తొక్కలేక చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడుతున్నాడు. అతను లోపలికొచ్చేసరికి నేల ఆరిపోతోంది. కర్నూలు ఎండ నా పక్షాన ఉంది.

బావ కర్రకు ఆనుకుని ఆయాసపడుతూ నా పక్కన కూలబడ్డాడు.

"ఏమప్పా, బండల నడుమ పుట్టి పెరిగినావు. ఇది ఎప్పుడూ నల్లగుండేటట్టు దీనికేమన్నా మందు ల్యాదా?"

ఉంది. నూనెలాంటిది. పొడి బండ మీద గుడ్డతో రుద్దితే తడిసినట్టే నల్లగా ఉంటుంది, ఏళ్ళ తరబడి దిగదు. దాని పేరు, అది దొరికే అంగడి, రుద్దే తీరు అన్నీ నాకు నోటికి వచ్చు. మా యూనిట్లో ఒక డబ్బా సగం నిండుగా ఉంది కూడా.

నేను పైకప్పు వైపు చూశాను. నోరు తెరిచాను. ఒక కన్ను మూశాను. బావ గుర్తుపట్టేదాకా అలాగే ఉన్నాను.

"నోటిదాకా వస్తాంది గానీ గుర్తుకు రావడం ల్యాదు బావా" అన్నాను. "నాకు మెమరీ శానా తక్కువ."